పెరటి కంచె దగ్గర కయోటీ



మన పల్లెటూరి సంఘములలో కూడ ఇప్పుడు ఒకటి రెండు కుటుంబముల పిల్లలైనా అమెరికాలో ఉంటున్నారు. కూతురి కాన్పుకో, కోడలి కాన్పుకో తల్లులు వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తున్నారు. అట్లు డాలస్ వెళ్ళి వచ్చిన ఒక సహోదరి మొన్న ఆరాధన అయిన తరువాత మమ్మల్ని ఆపి ఒక సంగతి అడిగింది. రాత్రి మిగిలిన అన్నము ఆమె పెరటి కంచె దగ్గర పోసేదట, ఇక్కడ పిట్టలకూ కుక్కలకూ వేసినట్టే. నాలుగో రోజున కూతురు చూసి, "అమ్మా, అన్నం బయట వేయకు, కయోటీలు వస్తాయి" అని గట్టిగా చెప్పిందట. ఆమె మనసు నొచ్చుకున్నది. "మూగజీవికి ఒక ముద్ద వేస్తే తప్పెట్లా అవుతుంది అయ్యగారూ?" అన్నది.

కూతురి మాటే సరి అని ఆమెతో అన్నాము. కాని అంతటితో చాలదు. ఆ జంతువు ఏమిటి, అడవిలో ఉండవలసినది ఇళ్ళ మధ్యకు ఎందుకు వచ్చినది, దానికి ముద్ద వేస్తే ఎవరికి కీడు అన్నది తెలిస్తేనే ఆ మాట మనసుకు ఎక్కుతుంది. పిల్లల యొద్దకు వెళ్ళబోయే తలిదండ్రులు మనలో చాలమంది ఉన్నారు గనుక ఈ నెల దీనిని గూర్చి వ్రాస్తున్నాము.

కయోటీకి తెలుగులో పేరు లేదు. మన బైబిలులో నక్క ఉన్నది, తోడేలు ఉన్నది, ఇది మాత్రము లేదు. అది ఉత్తర అమెరికా ఖండములోనే పుట్టి పెరిగిన జంతువు. మెక్సికో దేశపు పాతకాలపు జనుల నవాట్ల్ భాషలోనుండి ఆ పేరు వచ్చినది. చూపునకు మన నక్కను పోలి ఉంటుంది గాని దానికంటె పెద్దది, తోడేలు కంటె చిన్నది. బూడిదరంగు ఒళ్ళు, నిక్కిన చెవులు, సన్నని మూతి, కిందికి వ్రేలాడే కుచ్చుతోక. పడమటి రాష్ట్రములలో పది పన్నెండు కిలోల బరువు ఉంటుంది, తూర్పున ఇంకా పెద్దవి ఉన్నవి. 1823లో థామస్ సే అను శాస్త్రజ్ఞుడు దానికి పెట్టిన లాటిన్ పేరునకు మొరిగే కుక్క అని అర్థము. రాత్రిపూట రెండు మూడు కలిసి ఊళ వేస్తే ఇరవై ఉన్నట్టు వినబడుతుంది. నక్కల ఊళ విని పెరిగిన మన వారికి అది కొత్త కాదు. కాని పక్కా రోడ్లు, వీధి దీపములు ఉన్న కాలనీలో పడకగది కిటికీ అవతల వినబడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

రెండు వందల ఏళ్ళ క్రితము ఈ జంతువు ఎక్కువగా ఖండము నడుమనున్న గడ్డి మైదానములలోను, పడమటి ఎడారి ప్రాంతములలోను ఉండేది. తూర్పు అడవులలో దానికి చోటు లేదు, అక్కడ తోడేళ్ళ రాజ్యము. తోడేలు తన హద్దులోనికి వచ్చిన కయోటీని బ్రతకనివ్వదు. తరువాత మనుష్యులు వచ్చి అడవులు కొట్టి పొలములు చేసినారు. పశువుల కొరకు తోడేళ్ళను తుపాకులతోను, బోనులతోను, విషముతోను వెదకి వెదకి చంపినారు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగము ముగిసేసరికి ఆ దేశములో చాలభాగమున తోడేలు లేకుండా పోయినది. కాపలావాడు పోయిన తోటలోనికి ఎవరు వస్తారో మనకు తెలియనిదా? కయోటీలు ఒక్కొక్క రాష్ట్రమే దాటుకుంటూ తూర్పు సముద్రము వరకు వచ్చినవి. దారిలో కెనడా ప్రాంతపు తోడేళ్ళతో కలిసి సంకరమైనవి, కొంత ఊరకుక్కల రక్తము కూడ కలిసినది. తూర్పు కయోటీలు పెద్దవిగా ఉండడానికి కారణము అదే.

ఇది ఊహ కాదని చూపడానికి ఒక్క సంగతి చాలును. ఎల్లోస్టోన్ అను పెద్ద వనములో 1926 నాటికి తోడేళ్ళను పూర్తిగా తుడిచివేసినారు. 1995లో ప్రభుత్వమువారే కెనడానుండి తోడేళ్ళను తెచ్చి మరల వదిలినారు. కొద్ది ఏళ్ళలోనే ఆ వనపు ఉత్తర భాగములో కయోటీలు సుమారు సగమునకు తగ్గిపోయినవి.

1980ల నడుమ సముద్రముపై గడ్డకట్టిన మంచు మీదుగా నడచి న్యూఫౌండ్‌లాండ్ దీవికి చేరినవి. దక్షిణమున 1981 నాటికి పనామా దేశములో కనబడినవి. 2010లో డెలావేర్ రాష్ట్రములో కూడ ఉన్నట్టు రూఢి అయినది, దానితో హవాయి తప్ప అమెరికా రాష్ట్రములన్నిటిలో ఉన్నట్టే. 1950ల నుండి దాని నివాస ప్రాంతము 40 శాతము పెరిగినదని పరిశోధకులు లెక్కగట్టినారు. ఆ కాలములోనే ఎన్నో జంతువులకు నిలువ నీడ లేకుండా పోయినదని తలంచుకుంటే ఇది ఎంత వింతయో చూడండి.

ఇక పట్టణముల సంగతి. న్యూయార్క్ నడిబొడ్డున సెంట్రల్ పార్కు అను తోట ఉన్నది. దాని చుట్టూ ఆకాశమునంటే మేడలు. అందులో 1999లో ఒక కయోటీని పట్టినారు, 2006లో మరొకటి. చికాగో నగరములో 2007 ఏప్రిల్ నెలలో పట్టపగలు ఒక కయోటీ తెరచి ఉన్న తలుపులోనుండి ఒక రొట్టెల దుకాణములోనికి నడచివచ్చి, కూల్‌డ్రింకులు పెట్టే చల్లని బీరువాలో ఎక్కి కూర్చున్నది. ఎవరినీ కరవలేదు. నగర సిబ్బంది వచ్చి పట్టుకొనిపోయి తరువాత దానిని వదిలిపెట్టినారు. పత్రికలన్నీ ఆ ఫోటో వేసి నవ్వుకున్నవి.

అదే చికాగో చుట్టుప్రక్కల స్టాన్లీ గెర్ట్ అను శాస్త్రజ్ఞుడు 2000 సంవత్సరములో వాటిని గూర్చి పరిశోధన మొదలుపెట్టినాడు. ఏడాదిలో అయిపోయే చిన్న పని అనుకున్నారు, ఇరవై ఏళ్ళు దాటినా సాగినది. జంతువులను పట్టి, మెడకు రేడియో పట్టీలు కట్టి వదలి, అవి ఎక్కడ పడుకుంటున్నవో, ఏ వేళ తిరుగుతున్నవో చూసినారు. రైలు పట్టాల వెంబడి పొదలు, శ్మశానములు, గోల్ఫ్ మైదానములు, కార్లు నిలిపే స్థలముల వెనుక గడ్డి, ఇవే వాటి ఊళ్ళు. అడవిలో పగలు కూడ తిరిగే జంతువు పట్టణములో మనుష్యులను తప్పించుకొనడానికి రాత్రి తిరగడము నేర్చుకున్నది. అక్కడ వాటిని ఎక్కువగా చంపేది మరేదో కాదు, రోడ్డు మీది కారే.

అవి ఏమి తింటున్నవో తెలుసుకొనడానికి 1,400కు పైగా మలము ముద్దలు ఏరి పరీక్షించినారు. పరిశోధకుల ఓపికకు మెచ్చుకోవలసినదే. నూటికి 42 ముద్దలలో ఎలుకల వంటి చిన్న జీవులు, 23లో పండ్లు, 22లో జింక, 18లో కుందేలు ఆనవాళ్ళు ఉన్నవి. ఒకే ముద్దలో రెండు మూడు ఉండవచ్చు గనుక కూడితే వందకు మించుతుంది. పెంపుడు పిల్లి ఆనవాళ్ళు నూటికి ఒకటి కంటె కొంచెము ఎక్కువ, మనుష్యుల చెత్త తిండి నూటికి రెండు. అంటే ఆ పట్టణపు కయోటీ మనము తలంచినట్టు చెత్తకుప్పల మీద బ్రతికే జంతువు కాదు. కాని అన్ని పట్టణములూ చికాగో వంటివి కావు. లాస్ ఏంజలెస్ నగరములో జరిగిన పరిశోధనలో పెంపుడు పిల్లుల ఆనవాళ్ళు సుమారు ఐదవ వంతు ముద్దలలో కనబడినవి, మనుష్యుల చెత్త, ఇంటి తోటల పండ్లు వాటికి పెద్ద ఆహారము. మనుష్యుడు బయట ఏది పెడితే కయోటీ అది తింటుంది, పెట్టనిచోట ఎలుకలను వెదుకుకుంటుంది. సహోదరి అడిగిన ప్రశ్నకు సగము జవాబు ఇక్కడే ఉన్నది.

మిగిలిన సగము బాధాకరమైనది.

కాలిఫోర్నియాలోని గ్లెండేల్ పట్టణములో 1981 ఆగస్టులో మూడేళ్ళ పాప తన ఇంటి ముందరే కయోటీ నోటబడి చనిపోయినది. ఆ తరువాత 80 రోజులలో ఆ ఇంటికి అర మైలు లోపలే 55 కయోటీలను పట్టి చంపినారు. ఒక్క పేటలో అన్ని ఉన్నవంటే తిండి దండిగా దొరికినదన్నమాట. ఆ ప్రాంతములో కొందరు వాటికి తిండి పెట్టుచుండిరని తరువాత బయటపడినది. డాలస్ నగరములో 2022 మే నెలలో ఇంటి ముందరి అరుగు మీద కూర్చున్న రెండేళ్ళ పసిబిడ్డ మీద ఒక కయోటీ పడినది. బిడ్డ తీవ్రముగా గాయపడి ఆసుపత్రిలో చేరినా బ్రతికినది. ఆ కయోటీకి కూడ ఆ పేటవారు చేతితో తిండి పెట్టి, నిమిరి, మచ్చిక చేసినట్టు తెలిసినది. వారు దుర్మార్గులు కారు. జాలిపడి పెట్టినవారే. వారు వేసిన ముద్ద ఏమి చేసినదో చూడండి. మనిషిని చూస్తే పారిపోవలసిన జంతువుకు మనిషి అంటే తిండి అని నేర్పినది. తిండి పెట్టినవాడు తలుపు వేసుకొని లోపల ఉంటాడు, అరుగు మీద ఉన్నది పొరుగింటి బిడ్డ. ఆ తరువాత ఆ జంతువు కూడ బ్రతకదు, కాల్చివేస్తారు.

మన ఘాటురోడ్లలో కార్లు ఆపి కోతులకు అరటిపండ్లు వేసేవారిని చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే భయమును కూడ అతిగా పెంచరాదు. అమెరికా, కెనడా దేశములలో కయోటీల వలన మనిషి చనిపోయినట్టు రూఢియైన సంఘటనలు రెండే. ఒకటి గ్లెండేల్ పాప. రెండవది 2009 అక్టోబరులో కెనడాలోని కేప్ బ్రెటన్ వనములో ఒంటరిగా నడుస్తున్న 19 ఏళ్ళ గాయని. ఆమె మరణము చాల కాలము శాస్త్రజ్ఞులకు చిక్కుముడిగా ఉండినది, ఎందుకంటే అక్కడ తిండి అలవాటు చేసిన జాడలు లేవు. అక్కడి కయోటీలు చిన్న జంతువులు చాలక, మూస్ అను గుర్రమంత పెద్ద జింకను వేటాడి బ్రతుకుతున్నవని, పెద్ద జీవి మీద పడే అలవాటే కారణమై ఉండవచ్చునని 2022లో వెలువడిన పరిశోధన చెప్పినది. పెంపుడు కుక్కల వలన అమెరికాలో ఏటా ముప్పైమందికి పైగా చనిపోతారు. ఆ లెక్కతో చూస్తే కయోటీ భయము చిన్నదే. కాని పసిబిడ్డ ఉన్న తల్లికి లెక్కలు చెప్పి ఊరుకోమనడము న్యాయము కాదు. జాగ్రత్త పడవలసినదే.

గొర్రెలకాపరుల గోడు కూడ వినాలి. పట్టణమువారు కయోటీ ఫోటోలు తీసి మురిసిపోతారు గాని, పడమటి రాష్ట్రములలో ఈనిన గొర్రెలు మేసే వేళ పిల్లలను ఎత్తుకొనిపోయేది ఇదే. ఆ దేశములో గొర్రెలను చంపే అడవి జంతువులలో మొదటి స్థానము దీనిదే. మంద నమ్ముకొని బ్రతికే కుటుంబములు మన చదువరులలో ఎన్నో ఉన్నవి. ఒక రాత్రి నాలుగు పిల్లలు పోతే ఆ ఇంటిలో ఏమి జరుగుతుందో వారికి ఎరుకే. ఆ కాపరుల కొరకే 1931లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసి, మందలకు హాని చేసే జంతువులను చంపే శాఖకు అధికారమిచ్చినది. దశాబ్దముల తరబడి విషపు మాంసము వెదజల్లినారు. గద్దలు, కుక్కలు, ఏ పాపమెరుగని జీవులెన్నో దానివలన చచ్చినవి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూములలో అట్టి విషము నిషేధించినాడు. బోనులు, తుపాకులు, విమానము నుండి కాల్చడము మాత్రము ఆగలేదు. ఇటీవలి ఏళ్ళలో కూడ ఆ శాఖ ఏటా 50 వేలకు పైగా, కొన్ని ఏళ్ళలో 60 వేలకు పైగా కయోటీలను చంపినది.

ఇంత చంపినా తగ్గలేదు సరికదా దేశమంతా నిండినవి. ఇది ఎట్లా? కయోటీలు కుటుంబముగా బ్రతికే జంతువులు. ఒక హద్దులో ఒక పెద్ద జంట, వాటి ఎదిగిన పిల్లలు ఉంటాయి. సాధారణముగా ఆ జంటలోని ఆడదే ఈనుతుంది, మిగిలిన ఆడవి పిల్లలను సాకడములో తోడ్పడతాయి. ఆ జంటను చంపితే కట్టు తప్పుతుంది, ఒకటి ఈనవలసినచోట రెండు మూడు ఈనుతాయి. సంఖ్య తగ్గినచోట తిండి మిగులుతుంది గనుక పిల్లలు ఎక్కువ పుట్టి ఎక్కువ బ్రతుకుతాయి. ఖాళీ అయిన హద్దులోనికి ఊరూరా తిరిగే ఒంటరి కయోటీలు వచ్చి చేరుతాయి. ఏటా నూటికి 75 చొప్పున చంపుతూ పోయినా అవి అంతరించడానికి 50 ఏళ్ళకు పైగా పడుతుందని 1975లో ఇద్దరు పరిశోధకులు లెక్క వేసి చూపినారు. అంత మంది వేటగాళ్ళు ఎక్కడ, అంత డబ్బు ఎక్కడ?

1970ల తరువాత అక్కడి కాపరులు చాలమంది మరల పాత ఉపాయమునకు వచ్చినారు. మందతోపాటే పుట్టి పెరిగే పెద్ద జాతి కాపలా కుక్కలను ఉంచుతున్నారు. కొందరు గాడిదలను, లామాలను కూడ మందలో కలుపుతున్నారు. గాడిదకు కుక్కజాతి అంటే పడదు, తన్ని తరుముతుంది. మన గొల్ల సహోదరులు మంద కుక్కతో, చేతికర్రతో రాత్రి మంద నడుమ పడుకొనడము ఎవరూ నేర్పనక్కరలేని విద్య. అక్కడ యంత్రములు, విషములు వచ్చిన తరువాత దానిని విడిచినారు, ఖర్చు తెలిసిన తరువాత వెదకి తెచ్చుకున్నారు.

కయోటీ వలన మేలు ఏమైనా ఉన్నదా అని అడిగితే, ఉన్నది. కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో నగరములో ఇళ్ళ మధ్య మిగిలిన లోయలలో పరిశోధన చేసి 1999లో ప్రకటించినారు. కయోటీలు తిరిగే లోయలలో పిల్లులు తక్కువ, పొదలలో గూళ్ళు పెట్టే పక్షులు ఎక్కువ. కయోటీ రానిచోట పిల్లులు ఇష్టానుసారముగా తిరిగి ఆ పక్షులను తినివేసినవి. చికాగోలో తోటలు, చెరువు గట్లు పాడుచేసే అడవి బాతుల గూళ్ళలోని గ్రుడ్లు కయోటీలు తినడము వలన ఆ బాతుల పెరుగుదల నెమ్మదించినది. ఎలుకల సంగతి ముందే చెప్పినాము. పిల్లిని బిడ్డవలె పెంచుకున్నవారికి ఇది ఓదార్పు కాదని ఎరుగుదుము. పిల్లిని ఇంటిలోనే ఉంచుకొనడము మేలు.

ఇప్పుడు ప్రయాణము కానున్నవారికి కొన్ని మాటలు. మిగిలిన అన్నము, కూర, మాంసపు ఎముకలు పెరటిలో వేయవద్దు. మూత గట్టిగా పడే చెత్త డబ్బాలోనే వేయండి, ఆ డబ్బాను కూడ బండి వచ్చే ఉదయమే వీధిలో పెట్టండి. అన్నము కయోటీ నేరుగా తినకపోయినా ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనుక అది వస్తుంది. పిట్టలకు గింజలు చల్లినా అంతే. చెట్టు కింద రాలిన పండ్లు ఏరివేయండి. చీకటి పడిన తరువాత మనుమలను పెరటిలో ఒంటరిగా ఆడనివ్వవద్దు, "ఇక్కడే కదా, కంచె ఉన్నది కదా" అనుకోవద్దు. ఆరు అడుగుల కంచె కూడ అది ఎక్కి దాటగలదు. ఇంటిలో చిన్న కుక్క ఉంటే బయటకు తీసికొనిపోయేటప్పుడు మెడకు తాడు ఉండాలి, తాడు చేతిలో పొట్టిగా ఉండాలి.

ఎదురుపడితే పరుగెత్తవద్దు. పరుగెత్తేదానిని వెంబడించడము కుక్కజాతి స్వభావము. పిల్లవాడు ఉంటే ఎత్తుకోండి. చేతులు పైకెత్తి, గొంతెత్తి అరవండి, చప్పట్లు కొట్టండి, దొరికితే చిన్న రాయి దాని దగ్గర పడేటట్టు విసరండి. పొలములో పందిని అదిలించినవారికి ఇది చేతకాని పని కాదు. తెలుగులో అరచినా దానికి అర్థమవుతుంది. ఎవరైనా చూసి నవ్వుతారని సిగ్గుపడవద్దు. మనిషిని చూస్తే తొలగిపోవాలని దానికి గుర్తు చేయడమే ఆ పని, చాల నగరములలో అధికారులే ఆ విధముగా చేయమని జనులకు నేర్పుతున్నారు. అది వెళ్ళిపోయేవరకు అరుపు ఆపకూడదు. సగములో ఆపితే ఈ అరుపులు ఉత్తవేనని అది నేర్చుకుంటుంది.

మరొక సంగతి. మన తలిదండ్రులు ఎక్కువగా ఇక్కడ ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలలలో విమానమెక్కుతారు. కయోటీలు పిల్లలు పెట్టేదీ ఆ దినములలోనే. ఒక ఈతకు ఐదారు పిల్లలు ఉంటాయి. బొరియ దగ్గరగా కుక్కతో ఎవరైనా నడిస్తే తల్లి గాని తండ్రి గాని కొంత దూరము వెనుకనే నడచి వస్తుంది. అది మీద పడడానికి కాదు, పిల్లల దగ్గరనుండి పంపివేయడానికి. అప్పుడు మాత్రము అరచి తరమవద్దు. కుక్కను దగ్గరకు లాగి పట్టుకొని, దానివైపు ముఖము ఉంచి, మెల్లగా వచ్చిన దారినే వెనుకకు నడవండి, మరునాటి నుండి జూలై వరకు వేరొక దారిని నడకకు వెళ్ళండి. ఏ దారిలో బొరియ ఉన్నదో ఆ కాలనీలో రోజూ కుక్కలను త్రిప్పేవారికి తెలిసి ఉంటుంది. దిగిన మొదటి వారములోనే పిల్లలచేత వారిని అడిగించండి.